పదిహేడో వరసలో పేరు

ఈ ప్రయాణం చేసి పదేళ్లు దాటింది. ఇందులో కనిపించే మనుషుల పేర్లన్నీ మార్చాను. ఒకామె పేరు మాత్రం మార్చి కూడా రాయడం లేదు. చదివితే కారణం మీకే తెలుస్తుంది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు మూతపడ్డాయి. బొగ్గు బావుల్లో పని ఆగింది. ఏ రైలు ఎక్కడ ఆగిపోతుందో స్టేషన్ మాస్టర్‌కే తెలియదు. అలాంటప్పుడు బుద్ధున్నవాళ్లు ఇంట్లో కూర్చుంటారు. నేను బయల్దేరాను.

హైదరాబాదులో ఒక చిన్న మహిళా బృందంలో పని చేసేదాన్ని. పల్లెల్లో పాతికేళ్ల ఆడపిల్లలకు కూడా గర్భసంచి తీసేస్తున్నారని వింటున్నాం. వాళ్లను కలిసి, ఎందుకు తీశారో, ఎక్కడ తీశారో అడిగి రాసుకురావడం నా పని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఇప్పుడు ఎవరి జిల్లా వాళ్లది గానీ అప్పుడు మూడూ ఒక్క వరంగల్ జిల్లాలోనివే.

మా పెద్ద ప్రమీల గారు ఆఫీసు ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి ఒక్కటే మాట చెప్పారు. "ఇది పోతే మళ్లీ కొనుక్కుంటాం. ఇందులో ఉన్న ఆడవాళ్ల సంగతులు పోతే మాత్రం మనం ఆ ఊళ్లలోకి మళ్లీ అడుగు పెట్టలేం." అసలే నేను గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. ఆ మాటతో నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి పది కిలోల బియ్యం సంచిలో పెట్టి మూతి బిగించి కట్టాను. బియ్యం సంచిని ఎవరు దొంగిలిస్తారు అని నా ధైర్యం.

జనగామ: బియ్యం ఇటియ్యి బిడ్డ

జనగామలో రైలు దిగి రోడ్డెక్కేసరికి రోడ్డు మీద పొయ్యిలు. నాలుగు రోడ్ల కూడలిలో రాళ్లు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెలు ఎక్కించి వంట చేస్తున్నారు. వంటావార్పు అంటారని పేపర్లో చదివాను, కళ్లతో చూడటం అదే మొదలు. రాకపోకలు ఆపాలి, ఆగినవాళ్లు ఆకలితో ఉండకూడదు. కోస్తాలో మా రేపల్లె వైపు బంద్ అంటే దుకాణాలు మూయించడమే తెలుసు, దారిన పోయేవాళ్లకు అన్నం పెట్టడం తెలియదు. పొయ్యిల పక్కన ఆడవాళ్లు వంకాయలు కోస్తున్నారు, టీచర్లు నీళ్లు మోస్తున్నారు. ఒక లాయరు గారు నల్ల కోటుతోనే ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నాడు.

వంటావార్పుకు ఎవరింటి నుంచి వాళ్లు బియ్యం తెస్తారట. ఆ సంగతి నాకు తెలియదు. నేను సంచి చంకన పెట్టుకుని పక్కనుంచి జారుకోబోతుంటే ఒక ముసలామె ఎదురొచ్చింది.

"బియ్యం తెచ్చినవా బిడ్డ? ఇటియ్యి, ఎసరు మరుగుతున్నది," అంటూ సంచి మూతి పట్టుకుంది.

నేను వదల్లేదు. ఆమె లాగింది, నేనూ లాగాను. "బియ్యం కాదండీ! పుస్తకాలండీ!" అని కేక పెట్టాను.

ఆ రెండు 'అండీ'లకు చుట్టుపక్కల తలలన్నీ నా వైపు తిరిగాయి. వాళ్ల మాటను మావాళ్లు సినిమాల్లో రౌడీలకూ పనివాళ్లకూ పెట్టి ఎంత నవ్వారో, ఆ సినిమాలకు నేనెంత నవ్వానో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇప్పుడు సంచి విప్పమంటారు, ఎవరు పంపారు అంటారు, అనుకున్నాను.

ముసలామె సంచి వదిలేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పుస్తకాలు ఉడకయి తియ్. ఏడికెల్లి వచ్చినవో ఏమో, మొఖం గుంజుకపోయింది. కూసో, తిని పో."

విస్తరిలో వేడన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు. మా వైపు చారు కాచకుండా అన్నంలోకి రాదు. పచ్చి చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలేసి అలాగే పోస్తే ఇంత రుచిగా ఉంటుందని అనుకోలేదు. ఎడమచేత్తో సంచి అదిమి పట్టుకుని కుడిచేత్తో తిన్నాను. లేచేటప్పుడు ఆమె, "పైలం బిడ్డ," అంది. జాగ్రత్త అనే మాటకు అక్కడి మాట అది. ఆ తర్వాతి రోజుల్లో ఎక్కడికి పోయినా వెనక నుంచి ఎవరో ఒకరు ఆ మాట అన్నారు.

కురవి దారిలో తండా

మర్నాడు మహబూబాబాద్ చేరి, కురవి దారిలో లోపలికి ఉన్న ఒక లంబాడీ తండాకు వెళ్లాను. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నాతో మాత్రం తెలుగులో మాట్లాడారు. సాయంత్రం దాకా ఇరవై మూడు మందిని కలిశాను. ఒకామె నిప్పుల మీద కాల్చిన మక్క కంకి చేతిలో పెట్టేది, ఇంకొకామె చాయ్ పోసేది. కంకి తినాలంటే సంచి వదలాలి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని దాని మీద కాగితాలు, కాగితాల మీద కంకి పెట్టుకుని రాశాను.

పదిహేడో ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఒక కూతురుంది. ఇంట్లో మాట్లాడనంది. నన్ను మక్క చేను గట్టు మీదికి తీసుకెళ్లి, అటూ ఇటూ చూసి మొదలుపెట్టింది. బిడ్డను కన్నాక తల్లిగారింట్లో, నెల్లికుదురు వైపు ఉన్నప్పుడు రక్తం ఆగలేదట. టౌనులో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోతే గర్భసంచి తీసేశారు. అత్తగారింట్లో మాత్రం కడుపులో గడ్డ తీశారని చెప్పారు.

"మా ఆయనకు గడ్డ సంగతే ఎరుక," అంది. "కొడుకు కావాలని కురవి వీరన్నకు మొక్కుకున్నడు. అత్త ఇప్పటికే ఇంకో పిల్లను తెస్తనంటది. గీ ముచ్చట తెలిస్తె నా బిడ్డ, నేను ఏడికి పోవాలె? నా పేరు రాయకు అక్క."

"రాయనమ్మా," అన్నాను. ఆమె చెయ్యి పట్టుకునే అన్నాను.

చీకటి పడకముందే టౌనుకు పోవాలంటే తండాలో ఉన్నది ఒక్కటే ఆటో. నడిపేవాడు బాలు. ఎక్కి కూర్చున్నాక తెలిసింది, అతను ఆమె భర్త. పదో తరగతి పాసయ్యాడు, మంచి మాటకారి. ఆటోలో ఉద్యమ పాటలు హోరెత్తుతున్నాయి. వాటి మీదుగా గొంతు పెంచి కబుర్లు చెప్పాడు.

"మాకు కొడుకు పుడితె వీరన్నకు కోరమీసాలు చేయించి పెడతనని మొక్కిన అక్క. ఎండియి!" అంటూ అద్దంలో నన్ను చూసి నవ్వాడు. ఎండి అంటే వెండి. నేను కూడా నవ్వినట్టు ముఖం పెట్టాను. అతనికి తెలియనిది నాకు తెలుసు. ఆ పది మైళ్లూ సీటు అంచున కూర్చున్నాను.

"పాటలు మస్తుగున్నయి కదక్కా? గీ సలీం భాయ్ దుకాన్ల ఎక్కిస్తడు. ఆదివారం ఆదివారం వస్త, పాతయి తీసి కొత్తయి ఎక్కించుకుంట. మీకు కంప్యూటర్ పని ఏమన్న ఉంటె గక్కడికే పోండ్రి, మంచోడు." లాడ్జి ముందు దింపుతూ వీధి అవతల దుకాణం చూపించాడు.

మహబూబాబాద్: సగం దించిన షట్టర్

లాడ్జిలో తలుపు గడియ వేసి, దానికి కుర్చీ అడ్డం పెట్టి, కాగితాల్లో ఉన్నవన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఆఫీసు వాళ్లిచ్చిన పట్టిక ఒకటుంది. వరస నంబరు, పేరు, భర్త పేరు, వయసు, ఆపరేషన్, ఎక్కడ చేశారు. చివరి గడి: ఇంట్లో తెలుసా? కరెంటు పోయేలోగా ముగించాలన్న తొందరలో గళ్లు నింపుకుంటూ పోయాను. పదిహేడో వరసలో ఆమె పేరు కొట్టాను. పక్కన బాలు పేరు. చివరి గడిలో 'తెలియదు' అని కొట్టాను. ఫైలుకు తండా పేరు పెట్టాను. గట్టు మీద ఇచ్చిన మాట ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. దీనికి వేరే సాకు చెప్పను. ఖాళీ గడి కనిపిస్తే నింపేయడం అలవాటైపోయింది.

పొద్దున్నే ప్రమీల గారు ఫోన్ చేశారు. శనివారం డాక్టర్లతో మాట్లాడాలి, పట్టిక పంపమన్నారు. నా నెట్ స్టిక్‌కు సిగ్నల్ లేదు. బాలు చూపించిన దుకాణానికి వెళ్లాను. బంద్ కదా, షట్టర్ సగం దించి వంగి వచ్చేవాళ్లకు పని చేసిపెడుతున్నాడు సలీం భాయ్. నలభై ఏళ్లుంటాయి, నెత్తిన టోపీ, చెవిలో పెన్సిల్.

నా తెలివి చూడండి. ల్యాప్‌టాప్ అతని చేతికివ్వకూడదని సంచి రెండు చేతులా గుండెకు హత్తుకున్నాను. ఫైలు ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ పెన్‌డ్రైవ్ మాత్రం చల్లగా అందించాను.

అతను దాన్ని గుచ్చి, ఫైలును తన కంప్యూటర్ తెర మీద వేసుకున్నాడు. అంతలో కరెంటు పోయింది. అదే సమయానికి బయట వరంగల్ పోయే జీపు వాడు హారన్ కొడుతున్నాడు. అది తప్పితే ఆ రోజుకు ఇంకో బండి లేదు.

"పరేషాన్ కాకున్రి మేడం," అన్నాడు సలీం భాయ్ పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేస్తూ. "ఫైల్ నా దగ్గర పడ్డది. కరెంట్ రాంగనే నేనే పంపిస్త. మీరు పోన్రి."

చీటీ మీద ప్రమీల గారి మెయిల్ రాసిచ్చి, పది రూపాయలు పెట్టి, దుకాణం నంబరున్న కార్డు తీసుకుని జీపెక్కాను. ఒళ్లో బియ్యం సంచి భద్రంగా ఉంది. దారి పొడవునా దాన్ని తడుముకుంటూనే ఉన్నాను.

భూపాలపల్లి: ఇత్తడి బిళ్ల

భూపాలపల్లిలో రాజయ్య, సమ్మక్క దంపతుల ఇంట్లో దిగాను. బొగ్గు బావి కార్మికుల క్వార్టర్స్‌లో రెండు గదుల ఇల్లు. సమ్మక్క మా బృందానికి పాత స్నేహితురాలు. రాజయ్య బావి మీద లాంప్ రూంలో పని చేస్తాడు. లోపలికి దిగేవాళ్ల తలకు కట్టుకునే దీపాలు ఇచ్చి పుచ్చుకునే గది అది. సమ్మెలో ఉన్నాడు కాబట్టి ఇంట్లోనే ఉండి, బతుకమ్మ కోసం గునుగు పూల కట్టలు కత్తిరిస్తూ భార్య చేత చివాట్లు తింటున్నాడు. మా వైపు దసరాకు బొమ్మల కొలువు పెడతాం, ఇక్కడ పూలనే పేర్చి దేవతను చేస్తారు. ఏ ఇంటి గుమ్మం చూసినా తంగేడు పువ్వే.

శనివారం మధ్యాహ్నం అక్కడి ఆడవాళ్లతో మాట్లాడి వచ్చి చేయి కడుక్కుంటుంటే ప్రమీల గారి ఫోన్.

"ఫైలు అందింది. కానీ ఇదెవరి మెయిల్ నుంచి వచ్చింది? ఏదో నెట్ సెంటర్ పేరుంది. ఫైలు వాళ్ల దగ్గర కూడా ఉందా? పేర్లతో సహా?"

నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. సలీం భాయ్ తెర కళ్ల ముందు నిలబడింది. ఫైలు పేరే తండా పేరు. రేపు ఆదివారం. బాలు పాటలు ఎక్కించుకోవడానికి ఆ తెర ముందే కూర్చుంటాడు. పదో తరగతి చదివాడు. తన ఊరి పేరు కనిపిస్తే ఎవరైనా తెరవరా? పదిహేడో వరస. తన పేరు. చివరి గడి.

కార్డు మీది నంబరుకు చేశాను. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశాను. పదిసార్లు, ఇరవైసార్లు చేశాను. సమ్మక్క నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి ఏమైందని అడిగింది. పేరు చెప్పకుండా జరిగిందంతా చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. నాకు భయం వేసింది నా ఉద్యోగం గురించి కాదు. గట్టు మీద ఆ పిల్ల నా ముఖంలోకి చూసిన చూపు వదలడం లేదు.

రాజయ్య కత్తెర పక్కన పెట్టాడు. తర్వాత లేచి గూట్లోంచి ఒక ఇత్తడి బిళ్ల తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. దాని మీద అంకెలు తప్ప ఇంకేమీ లేవు.

"మా నాయినది. ఆయన గూడ బావిల్నే చేసిండు. కిందికి దిగెటోళ్లు పొద్దుగాల బిళ్ల ఇచ్చి లాంపు తీసుకుంటరు, పైకొచ్చినంక లాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటరు. మా రూంల పలక మీద బిళ్ల మిగిలిందంటె మనిషి ఇంక కిందనే ఉన్నడని లెక్క. పేరుందా దాని మీద?"

"లేదు."

"ఉండది. ఎవ్వడన్న కింద పడేసినా, ఇంకోడు దొరకవట్టుకున్నా అది వట్టి ఇత్తడి. పేర్లున్న రిజిస్టర్ వేరే రూంల ఉంటది, అది బయటికి రాదు. మీరు సదువుకున్నోళ్లు గదా బిడ్డ, పేరు, ముచ్చట రెండు ఒక్కకాడ పెట్టి ఊర్లు తిప్పుడేంది?"

ఇన్నాళ్లూ సంచి మూతికి ఎన్ని ముళ్లు వేయాలా అని ఆలోచించాను గానీ సంచిలో ఏం మోస్తున్నానని ఆలోచించలేదు. వెంటనే ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రతి పేరు, ప్రతి భర్త పేరు తుడిచేసి అంకెలు పెట్టాను. తండా పేరూ తీసేశాను. పాత ఫైళ్లు, పెన్‌డ్రైవ్‌లో ఉన్నది, ల్యాప్‌టాప్‌లోని చెత్తబుట్టలో పడ్డది అంతా ఖాళీ చేశాను. చేత్తో రాసుకున్న కాగితాలు సమ్మక్క పొయ్యిలో పెట్టాను. ఏ అంకె ఎవరిదో ఒక్క కాగితం మీద చేత్తో రాసి మడిచి సమ్మక్కకిచ్చాను. ఆమె దాన్ని పెళ్లి చీర మడతలో పెట్టి పెట్టెకు తాళం వేసింది. ప్రమీల గారు తన దగ్గరున్నదీ తీసేస్తానన్నారు. మిగిలింది సలీం భాయ్ తెర ఒక్కటే.

"తెల్లారంగ పాల బండి హన్మకొండ పోతది," అన్నాడు రాజయ్య. "పాల బండిని ఎవ్వలు ఆపరు."

పరకాల దగ్గర: సంచి ఉంటె కాదు

పాల బండిని ఆపారు. పరకాల దాటీ దాటకముందే రోడ్డుకడ్డంగా పొయ్యిలు, అవే గిన్నెలు. "పాలు పోనిస్తం, గని మా చాయ్ తాగి, బువ్వ తిన్నంకనే," అని డ్రైవర్‌ను దింపేశారు. అతను హాయిగా బీడీ వెలిగించాడు. తొమ్మిదయింది. బాలు పొద్దున్నే బయల్దేరతాడా, తిన్నాక వస్తాడా? ఆ ఒక్క సంగతి అడగలేదే అని నన్ను నేనే తిట్టుకున్నాను. సలీం భాయ్ ఫోన్ ఇంకా స్విచ్ ఆఫ్.

అంతలో ఒక మోటార్ సైకిల్ వచ్చింది. భార్యాభర్తలు, హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్. వరంగల్ దవాఖానలో ఉన్న తల్లికి అన్నం తీసుకుపోతున్నారు. వాళ్లను వెంటనే వదిలారు. పరుగెత్తి అడ్డంపడ్డాను. అతను నన్ను, నా సంచిని చూశాడు.

"ముగ్గురం ఎట్లనో సర్దుకుంటం. సంచి ఉంటె కాదక్క. మనిషివైతె ఎక్కు."

నాలుగు రోజులు స్నానాల గదిలోకి కూడా వెంట తీసుకెళ్లిన సంచి అది. కాలికి కట్టుకుని నిద్రపోయాను. రోడ్డు పక్కన అన్నం వారుస్తున్న ఒకామెను చూశాను. యాభై ఏళ్లుంటాయి, చెమట తుడుచుకుంటోంది. పేరు అడిగాను. కొమురమ్మ అంది.

"కొమురమ్మా, ఇందులో కంప్యూటర్ ఉంది. రేపు వచ్చి తీసుకుంటాను. ఉంచుతారా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కంప్యూటర్‌ను బియ్యం సంచిల పెట్టినవా? మావోళ్లు ఎసట్ల పోద్దురు గద!" అని పకపకా నవ్వి, పక్కనున్న బతుకమ్మ పూలలోంచి ఒక గునుగు పువ్వు తీసి సంచి మూతి ముడిలో గుచ్చింది. "గీ పువ్వున్న సంచి ముట్టొద్దని చెప్త. పో బిడ్డ, పైలం."

మోటార్ సైకిల్ మీద వెనక్కి తిరిగి చూశాను. ఆమె బియ్యం సంచుల వరసలో నా సంచి పెడుతోంది. పోతే యంత్రం పోతుంది, అంకెలు పోతాయి. అంతవరకు పర్వాలేదు అనుకోగలిగాను.

మళ్లీ సగం షట్టర్

వరంగల్ నుంచి కూరగాయల ట్రాలీలో టమాటా బుట్టల మధ్య కూర్చుని మహబూబాబాద్ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. దుకాణం ముందు బాలు ఆటో ఆగి ఉంది. పాటలు ఆగిపోయి ఉన్నాయి.

షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వెళ్లాను. బాలు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మౌస్ అతని చేతిలో ఉంది. తెర నిండా ఎవరెవరివో కాగితాలు. కులం సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు, పెళ్లి పత్రికలు, ఉద్యోగాల దరఖాస్తులు. పాటల ఫోల్డర్‌కు సరిగ్గా కింద నా ఫైలు.

"అరే మేడం, మల్ల వచ్చిన్రా?" సలీం భాయ్ లేచాడు. "మీ మెయిల్ శుక్రవారమే పోయింది. నా ఫోన్ ఖరాబైంది, చేసిన్రా ఏంది?"

"సలీం భాయ్, ఆ ఫైలు తీసెయ్యాలి. ఇప్పుడే," అన్నాను.

"ఉండనియ్యున్రి. ఫారాలు పోగొట్టుకోని ఏడ్సుకుంట వచ్చెటోళ్లు ఎంతమందో ఎరుకేనా? గందుకే నేను ఎవ్వరిది తీసెయ్య. మల్ల మీకే అక్కరకొస్తది."

మనుషుల మేలు కోసమే అతను అన్నీ దాచిపెడుతున్నాడు. అతనితో వాదించే ఓపిక లేక చేతులు జోడించాను.

బాలు బాణం గుర్తును ఫైలు మీదికి తెచ్చాడు. "గిదేనా అక్క? మా తండ పేరున్నది."

"అదే. తెరవకు తమ్ముడూ."

అతను నా ముఖం చూశాడు. టమాటా మరకల చీర, దుమ్ము పట్టిన జుట్టు. మళ్లీ తెర వైపు తిరిగి, తన చేత్తోనే దాన్ని తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. సలీం భాయ్ గొణుక్కుంటూనే పంపిన మెయిల్ కూడా తీసేశాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. సలీం భాయ్ చాయ్ తెప్పించాడు.

వరంగల్ బళ్లు ఆగే చోట దింపుతానని బాలు బలవంతాన ఆటో ఎక్కించుకున్నాడు. పాటలు పెట్టలేదు. కొంత దూరం పోయాక అద్దంలోకి చూడకుండా అడిగాడు.

"మా ఆమె పేరు గూడ ఉండెనా అక్క, అండ్ల?"

"పేర్లు లేవు తమ్ముడూ. అంకెలే ఉన్నాయి," అన్నాను. నా ల్యాప్‌టాప్‌లో అది నిజం. అతను తీసేసిన ఫైలులో అబద్ధం. రెండూ తెలిసే అన్నాను.

అతను తల ఊపాడు. "పొద్దుగాల తొమ్మిదింటికే వచ్చిన. కరెంట్ వస్తుండె, పోతుండె. వచ్చినంక చూసిన, మా తండ పేరు. చెయ్యి రెండుమార్లు దాని మీదికి పోయింది." ఆటో నెమ్మదించింది. "మా ఆమె ముందుగాలనే చెప్పింది. ఆ మేడంకు నా కడుపుల ఉన్నదంత చెప్పుకున్న, నువ్వు నన్ను అడుగకు, ఆమెను అడుగకు అన్నది. గందుకే తెరువలే."

ఐదు గంటలు. నేను టమాటా బుట్టల మధ్య ఎవరి గురించి వణికిపోతూ వచ్చానో, ఆ ఐదు గంటలూ ఆ ఫైలును కాపాడింది అతనే. దిగేటప్పుడు డబ్బు తీసుకోలేదు. "పైలం అక్క," అన్నాడు.

ఆమెకు నేను క్షమాపణ చెప్పుకోలేదు. చెప్పుకోవాలంటే జరిగిందంతా చెప్పాలి. ఆమె భయం నాకు ఇచ్చేసి తేలికపడింది, దాన్ని మళ్లీ ఆమెకు ఇవ్వలేను. ఆ వెండి కోరమీసాల సంగతి ఏమైందో ఈ రోజుకీ నాకు తెలియదు.

పరకాల: గునుగు పువ్వు

మర్నాడు పొద్దున అక్కడికి వెళ్లేసరికి పొయ్యిల చోట బూడిద, కాలిన రాళ్లు మిగిలాయి. కొమురమ్మ ఇల్లు రోడ్డు వారనే. లోపల్నుంచి సంచి తెచ్చి నా ముందు పెట్టింది. ముడిలో గునుగు పువ్వు గుచ్చింది గుచ్చినట్టే ఉంది, కొంచెం వాడిపోయింది.

"చూస్కో బిడ్డ, విప్పి చూస్కో. ఉన్నదా లేదా?"

"ఉంటుంది కొమురమ్మా," అన్నాను. ముడి విప్పకుండానే సంచి భుజాన వేసుకుని బయల్దేరాను.